కానీ

ఉత్తరాలన్నీ బాగానే మొదలవుతాయి.
"మీ శైలి మాకెంతో నచ్చింది" దాకా
మోరాగ్ చేతిలో టీ కప్పు గాల్లోనే ఉంటుంది.
తర్వాత ఒక కానీ వస్తుంది.
కప్పు బల్ల మీదకి దిగుతుంది, చప్పుడు లేకుండా.
ఇరవై ఆరేళ్ల కాపురంలో
ఆవిడ కోపానికి అదొక్కటే గుర్తు.

నేను డండీలో సిటీ బస్సు నడుపుతాను,
నది ఒడ్డు నుంచి ఎగువ వీధుల దాకా.
సాహిత్యం నాకు తెలీదు.
బస్సు నిండిపోయినప్పుడు
స్టాపులో చెయ్యెత్తిన వాళ్లని
చూసీ చూడనట్టు దాటిపోవడం తెలుసు.
అద్దంలో వాళ్లు చిన్నగా అయిపోతారు,
చెయ్యి ఇంకా దించకుండానే.
ఏజెంటంటే ఎవరు, అని ఓసారి అడిగాను.
"నీలాంటి వాడే" అంది.
ఆ రాత్రి వంట నేను చేశాను.

నవల ఇసా అనే అమ్మాయిది.
జనపనార మిల్లులో తూకాలు రాసే గుమాస్తా.
పద్దెనిమిదేళ్లు దొంగ లెక్కలు రాస్తుంది,
ముల్లు ఎప్పుడూ ఆడకూలీల వైపే మొగ్గేలా.
ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ
మోరాగ్ దాన్ని మనసులో కట్టుకొచ్చింది,
మడతకో వాక్యం. ఆరేళ్లు.

లండన్ నుంచి ఒకావిడ రాసింది:
"ప్రేమలో పడ్డాను, కానీ తలమునకలుగా కాదు."
"ఈయన కూడా అంతే" అని
వేలు నా వైపు చూపించింది మోరాగ్.
ఎడిన్‌బరో నుంచి ఇంకొకాయన:
"జనపనారకి ఇప్పుడు గిరాకీ లేదు."
దానికి మాత్రం పగలబడి నవ్వింది.
వాళ్ల అమ్మమ్మని మిల్లులోంచి తీసేసిన రోజు
అచ్చం ఇదే మాట చెప్పారట.

ఒకటి "ప్రియమైన గావిన్ గారికి" అని వచ్చింది.
ఎవరో ఆ గావిన్.
పాపం, వాడికీ లేదనే చెప్పారు.

కొందరు అసలు రాయరు.
పన్నెండు వారాలు ఉలుకూ పలుకూ లేకపోతే
అదే జవాబు అనుకోవాలట.
క్యాలెండరు మీద పెన్సిలు చుక్కలు.
పన్నెండో వారం ముగిసిన ప్రతిసారీ
ఆవిడ ఓవెన్ తోముతుంది.
మా వీధి మొత్తానికి అంత తళతళలాడే ఓవెన్
ఇంకొకటి ఉండదు.

నలభై ఒకటోది నవంబరులో వచ్చింది.
మూడు లైన్లు. కానీ కూడా లేదు.
కాగితాల కట్టని మెట్ల కింద అరలో పెట్టింది,
ఇస్త్రీ బల్లకీ పాత హీటరుకీ మధ్య.
ఓవెన్ తోమలేదు.
ఆ రాత్రి నాకు భయమేసింది.

అప్పుడు చెప్పేశాను, చదివానని.
డిపోలో, భోజనం వేళ, మూడు వారాలు,
టికెట్ రోలు ముక్కలు గుర్తులు పెట్టుకుని,
వేళ్ల జిడ్డు అంటకుండా.
"నాకేం తెలుసు గానీ," అన్నాను,
"ఇసా తల్లిని మరీ తొందరగా చంపేశావు."

కప్పు ఠంగుమంది.
సాసరు రెండు ముక్కలు.
"నువ్వా నాకు చెప్పేది?
నువ్వా?"
మెట్లెక్కి వెళ్లిపోయింది.
సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరక్కుండా,
"పన్నెండో అధ్యాయమో?" అంది.
రెండుసార్లు చదివానన్నాను.
రెండోసారి చదివిన రోజు
బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా తీశాను.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
"నాలుగే?" అంది.

తెల్లారుజాము డ్యూటీకి నేను కిందికి దిగేసరికి
వంటింట్లో దీపం.
మెట్ల కింద అర తలుపు బార్లా తెరిచి ఉంది.
కోటు భుజాన వేసుకుని, పాత హీటరు కాళ్ల దగ్గర,
ఆవిడ టకటకా కొడుతోంది.
"ముసల్ది చావనంటోంది" అంది.
"మంచం మీంచి లేచి అప్పులవాడితో
పోట్లాటకి దిగింది. ఏం చెయ్యను?"

బూటు లేసు కట్టుకుంటూ
"ఊఁ, కానీ" అన్నాను.

చెయ్యి ఆగింది.
ఆ మాట వైపు ఒక క్షణం చూసింది,
పాత నాణేన్ని బోర్లా తిప్పి చూసినట్టు.
మళ్లీ టకటకా మొదలు.

బయట బాగా మంచు పట్టింది.
కారు అద్దం గీక్కోవాలి. వెళ్లాను.