మెత్తబండి

దాని అసలు పేరు కాయితాల మీద ఏదో ఉంది,
ఇంజినీరు సారు నాలిక మడతవడేదాక చదివిండు.
చిట్టెమ్మ ఎనక్కి పోయి ఒకసారి తట్టి చూసి
"మెత్త లెక్కుంది గదా" అన్నది.
అప్పట్నుంచి అది మెత్తబండి,
నేను మెత్తబండి డ్రైవర్ను.

పందొమ్మిదేండ్లు లారీ తోలిన.
నాగపూర్ చూసిన, సేలం చూసిన.
ఇప్పుడు నాకు జీతం నిలవడ్డందుకు.
అడ్డాకుల దాటినంక, రాత్రి పదకొండు కొట్టంగ
గుంతలు పూడ్చేటోళ్లకు నూరడుగులు ఎనక
బండి ఆపి, బాణం లైట్లు ఏసి,
హ్యాండ్ బ్రేకు గుంజి, బెల్టు బిగించుకొని
అద్దంల చూసుకుంట కూసుంట.
ముందర డాంబరు పొగ, మావోళ్ల దగ్గులు.
అద్దంల కర్నూలు దిక్కు నుంచొచ్చే దీపాలు.

కాలేజి ఫారం నింపుకుంట బిడ్డ అడిగింది,
"ఏం పని అని రాయాలె నాయినా?"
"దెబ్బ తినే పని" అన్న.
అది నవ్వి, డ్రైవర్ అని రాసుకున్నది.

మొదట్ల మాకేముండె?
యాపకొమ్మ ఇరిచి రోడ్డు మీద పెడుతుంటిమి.
కొమ్మ తర్వాత నాలుగు రాళ్లు,
రాళ్ల తర్వాత మాసన్న, చేతిల ఎర్రగుడ్డ.
ఆ ఎర్రగుడ్డ మాసన్న తువ్వాలే.
ఒక ఎండకాలం జానంపేట కాడ
కొమ్మ మిగిలింది,
మాసన్న తమ్ముడు కుర్మన్న మిగల్లే.

తగలొద్దని అందరు బండ్లకు
నిమ్మకాయ, మిరపకాయలు కడ్తరు.
నేను గడ్తుంటే జహంగీరు నవ్విండు,
"తగిలేటందుకే గదన్నా దీన్ని తెచ్చింది!"
అయినా కట్టిన.

మూడు దాటి పది నిమిషాలు.
ఉల్లిగడ్డల డీసీఎం.
బాణం చెప్పిన దిక్కు దాని లైట్లు తిరగలే,
అద్దంల పెద్దగయితనే ఉన్నయి.
హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలే.
చిట్టెమ్మ పార ఇడిసి రెయిలింగు దునికింది.
నేర్పిన తీరుగ తల సీటుకు ఆనిచ్చిన.

పిడుగు సప్పుడు గాదు అది.
వెయ్యి అప్పడాలు ఒక్క పిడికిట్ల నలిగిన సప్పుడు.
తేనెపట్టు తీరు రేకు గదులు
ఒకదాని మీదొకటి మడతవడి, మడతవడి
ఆ ఉరుకునంతా మింగినయి.
బండి పదహారడుగులు ముందుకు జరిగింది.
నూరుల పదహారు పోతే ఎనబైనాలుగు.
గా రాత్రి మావోళ్ల ఆయుష్షు
ఎనబైనాలుగు అడుగులు.

రోడ్డంత ఉల్లిగడ్డలు.
డోర్ గుంజి దించితే పిల్లగాడు,
మీసం ఇంక నిండలే.
"ఎవర్ని గుద్దినాన్నా?" అదే మొదటి మాట.
చిట్టెమ్మ నీళ్ల సీసా మూత దీసి ఇచ్చి
"ఎవల్ని లేదు బిడ్డా, మెత్తను" అన్నది.
వాడు ఉల్లిగడ్డల నడుమ కూలవడి ఏడిసిండు.
ఉల్లి ఘాటు అనుకున్నట్టు
మేమందరం అటు మొఖం తిప్పుకున్నం.

పొద్దుగాల సారు టేపు పెట్టి కొలిచిండు,
ఫోటోలు దీసిండు, మెత్త ధర జెప్పి
నెత్తి పట్టుకున్నడు.
ఒక్క దెబ్బకే పనికొస్తదట అది.
కొత్తది ఓడల రావాలెనట,
నెలనో, నెలన్నరనో.
గుంతలు మాత్రం ఆగయట.

ఇయ్యాల పాత టిప్పర్ల ఇసుక బస్తాలు నింపుకొని
అదే జాగల నిలవెట్టిన.
ఇసుకకు మడతవడుడు రాదు,
నా నడుముకూ రాదు.
మాసన్న ఏమనకుంట పోయి
ఎనక యాపకొమ్మ ఒకటి పెట్టొచ్చిండు.
నేనూ ఏమనలే.
చెంగు తీరు గుడ్డతోని అద్దం తుడుసుకున్న.

రెండు లైట్లు.
పెద్దగయితున్నయి.
పక్కకు తిరిగినయి.
ఇంకో రెండు.