కొవ్వొత్తి పద్దు

నా పని కూడికలు.
తనిఖీ బృందంలో అందరికంటే చివర జీపు దిగేది నేను.
తుపాకులు, టోపీలు, కెమెరాలు ముందు నడుస్తాయి,
కాలిక్యులేటరు సంచిలో వేసుకుని
బురదలో అడుగు చూసి వేస్తూ వెనక నేను.

మరబా దాటి ఆరు గంటలు.
ఒకప్పుడు అడవి అని చెప్పుకునే చోట
బోర్లించిన కుండల్లా మట్టి బట్టీలు, నలభై మూడు,
ఒంటినిండా పొగ కారుతూ.
మనుషుల్ని వెతకాల్సొచ్చింది.
దగ్గు వినపడ్డ వైపు వెళ్ళాం.

మా దేశంలో కూలీల్ని కుదిర్చేవాణ్ణి పిల్లి అంటారు.
ఎందుకని చిన్నప్పుడు అమ్మనడిగితే నవ్వి ఊరుకుంది.
అడుగుల చప్పుడుండదు, అందుకే కాబోలు.
బస్టాండులో కాఫీ ఇప్పిస్తాడు,
ఇంట్లో ఇచ్చి రమ్మని రెండు నోట్లు చేతిలో పెడతాడు.
ట్రక్కెక్కాక
ఆ కాఫీయే నోటుబుక్కులో మొదటి పద్దు.

నోటుబుక్కు అట్ట మీద బంతిని తన్నుతున్న కుర్రాడి బొమ్మ.
లోపల మనిషికొక పేజీ.
జురాందిర్, ఊరు కొదో.
బూట్లు ఒక జత. గొడ్డలి. గొడ్డలికి పిడి, వేరే.
టార్పాలిన్, కింద పడుకున్నందుకు.
బియ్యం, ఉప్పు, మలేరియా మాత్రలు,
మాత్రలు తెచ్చిన బండికి డీజిలు.
మళ్ళీ బూట్లు.
అతని కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి,
ఒకటి ఎర్రది, ఒకటి నీలం.
కూలి అని ఒక గడి కూడా ఉంది,
స్కేలు పెట్టి గీసిన గడి,
పద్నాలుగు నెలలుగా తెల్లగా ఉంది.

కలిపాను. మళ్ళీ కలిపాను.
ఒక్క కూడికైనా తప్పుంటుందని ఆశపడ్డాను.
లేదు.
పిల్లి లెక్కల్లో నాకంటే గట్టివాడు.

ఈ బొగ్గు పోయి ఇనుమును కరిగిస్తుంది,
ఇనుము ఓడెక్కుతుంది,
పేరు తెలియని ఊళ్ళో ఎవరి వంటింట్లోనో
గరిటె అయి పాయసం కలుపుతుంది.
గరిటెకి ఏ పేజీలోనూ బాకీ లేదు.

పేజీ మధ్యలో సిరా రంగు మారింది.
బెన్‌వీందో బాకీ ఇటు మార్చబడింది.
దాని కింద: కొవ్వొత్తి ఒకటి, మూడు రెయాల్.

బెన్‌వీందో ఎవరన్నాను.
జురాందిర్ పదో బట్టీ వైపు చూశాడు.
పైకప్పు కూలిందట.
వేడి దిగకముందే లోపలికి దింపారట,
అప్పటికే జ్వరం మీదున్నవాణ్ణి.
చుట్టమా?
కాదు, ట్రక్కులో పక్కన కూర్చున్నాడు.
"చచ్చినవాడు తీర్చలేడు కదమ్మా, అందుకని నాకు రాశాడు"
అన్నాడు, పిల్లి తరఫున నాకు సర్దిచెబుతున్నట్టు.

నువ్వెవరికీ బాకీ లేవు,
ఈ పుస్తకం చట్టం ముందు చెల్లదు,
వాళ్ళే నీకివ్వాలి అని
అందరికీ చెప్పే మాటే చెప్పి వేలిముద్ర అడిగాను.
సిరాపెట్టె తెరిచే పని పడలేదు.

తొమ్మిది రోజుల తర్వాత
మరబాలో ఒక హోటలు భోజనాల గదిలో డబ్బు పంచాం.
అతను నోట్లు లెక్కపెట్టలేదు.
చిల్లరలోంచి మూడు నాణేలు ఏరి
బల్ల మీద నా వైపు జరిపాడు.
"కొవ్వొత్తికి."

అది కూడా చెల్లదు జురాందిర్.

"మిగతావన్నీ నువ్వన్నట్టే.
ఇదొక్కటీ నేను అడిగి తీసుకున్నది.
గాలికి రెండుసార్లు ఆరింది, అయినా చివరిదాకా కాలింది.
దీన్ని కూడా కొట్టేస్తే
వాడికి నేనేం వెలిగించినట్టు?"

నా ఫారంలో అలాంటి గడి లేదు.
నాణేలు డబ్బుపెట్టెలో వేశాను.
నెలాఖరున పెట్టెలో మూడు రెయాల్ ఎక్కువ తేలాయి.
ఎలా వచ్చాయని పైఅధికారి అడిగాడు.
ఎక్కడో కూడిక తప్పి ఉంటుందన్నాను.