మూత విప్పినంక

హన్మకొండ చౌరస్త కాడ, జిరాక్స్ దుకాణం మీద
ఇరుకు మెట్లెక్కితే నా గది.
పాత ఇడ్లీ రేకు ముందలేసుకొని కూసుంట,
ఒక్కో గుంతల ఒక్కో మిషిన్ మరలు.
మా ఇంటామె రెండేండ్ల సంది అడుగుతున్నది ఆ రేకు.

ఆ పొద్దు బల్ల మీద రెండు పండుకొని ఉన్నయి.
ఒకటి మెడికల్ కాలేజీల చదివే సంహితది, లక్షా ముప్పై వేలది,
వెండి పళ్లెం లెక్క సల్లగుంటది చేతికి.
శ్రీరాంపూర్ బాయిల పనిజేసే వాళ్ల నాయిన
సొసైటీల అప్పు తీసి కొనిచ్చిండట,
ఇంక పద్నాలుగు కిస్తులున్నయి.
పది రూపాల చాయ్ ఒలికింది దాని మీద.

ఇంకొకటి కొత్తవాడ సారంగపాణిది,
ముప్పై వేలకు జర తక్కువ.
మూత తెరిస్తె మెడ ఇరిగిన కోడి లెక్క వాలుతది.
గోడకు ఆనిచ్చి, ఎనుక సుతిలి గట్టి
ఆరు నెలలు దాని మీదనే షత్రంజీల నమూనాలు గీసిండు.

"ఐలన్నా, నిజం జెప్పు," అన్నడు.
"ఆ పైసలకు నా అసొంటియి నాలుగొస్తయి.
గంత తేడ ఏముంటది? పేరుకేనా?
మూత మీది బొమ్మకేనా?"

ఇరవై ఏండ్ల సంది అందరు అడిగేది ఇదే మాట.
కొననీకి పోయేటోడు అడుగుతడు,
కొన్నోడు ఇంకింత గట్టిగ అడుగుతడు.
పైసలున్నోనికి ఔనన్న, లేనోనికి కాదన్న,
ఇద్దరు ఖుషీగనే పోయిన్రు.

ఇయ్యాల జెప్పబుద్ధి గాలె.
రెండిటి అడుగులు విప్పి, దీపం దగ్గరికి గుంజి
నువ్వే సూడు అన్న.

కండ్లద్దాలు నెత్తి మీదికి ఎక్కించిండు.
తన దాంట్ల తీగెలు
జాతరల తప్పిపోయిన పోరగాండ్ల లెక్క ఎటువడితే అటు,
ఒక మర తలకాయ అరిగి,
పంక సుట్టు కొత్తవాడ నూలు దుమ్ము, మూడు రంగులల్ల.
ఆ పిల్లదాంట్ల
ఎవ్వడు సూడని కాడ గూడ
పోగు పక్కన పోగు, దువ్వినట్టు.

శానసేపు మాట్లాడలె.
షత్రంజి కొననీకి వచ్చినోళ్లకు
ఆయన ముందుగాల ఎనుక దిక్కు తిప్పి సూపెడ్తడు, నేనెరుగుదు.
"ముడి దాచలె, ఎటు పరుసుకున్నా ఒక్క తీరే" అంటడు.
వాళ్లు ఎనుక దిక్కు సూడరు.
మిషిన్ల నేసింది మూడు వందలకిస్తున్నరు గదా అంటరు.

"నేసినోడు మంచోడే," అన్నడు ఆఖరికి.
ఏలు వెట్టి బ్యాటరీ అంచు గోకిండు.
"ఇదేంది, కదుల్తలేదు?"
అతికించిన్రు అన్న.
"గీ మెమరీ?"
అది గూడ. పలక తోటి పుట్టింది, పలక తోటే పోతది.
చాయ్ తాకిన జాగ గోరంత.
పలక మొత్తం మార్చాలె, యాభై ఎనిమిది వేలు.
పిల్లకు ఇంక ఫోన్ జెయ్యలె నేను.

కండ్లద్దాలు దించుకున్నడు.
"నా షత్రంజిని ఎలుక కొరికితె
గా జానెడు విప్పి మల్ల నేస్త.
మొత్తం పారెయ్యమని ఎన్నడు జెప్పలె."
అన్నడు గని, చెయ్యి మాత్రం
ఆ వెండి రేకు మీదనే ఉన్నది, నిమురుకుంట.

ఇద్దరం ఏం తేల్చలె.
మెడకు కొత్త బందులేసిన, పదకొండు వందలు.
వంద తగ్గియ్యమన్నడు.
నీ షత్రంజికి నువ్వు తగ్గిస్తవా అన్న.
నవ్విండు. తగ్గించిన.

రాత్రి షట్టర్ ఏసేముందు సూస్తె
ఇడ్లీ రేకుల ఒక మర మిగిలింది,
బియ్యపు గింజంత, నల్లది.
సారంగపాణి మిషిన్‌దే.
అది లేకుంటగూడ మూత మంచిగనె నిలవడ్డది,
నా ముంగటనే మూడుసార్లు తెరిసి సూసుకొని పోయిండు.
ఆయనకు తెలువది. తెలిసేది గూడ గాదు.

కాయితంల సుట్టి, పేరు రాసి
జేబులేసుకున్న.
పొద్దుగాల కొత్తవాడ మీదికెల్లి రావాలె.