ఇరవై ఏడో నంబరు బస్సులోంచి, మేనకోడలికి

ట్రూడీ, అడిగావు కదా,
అంత పెద్ద సర్కారు యూనివర్సిటీలో
ఇంజనీరింగే ఎందుకు చదవాలని.
మీ నాన్న ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం చూశాను:
జీతం, ర్యాంకు, మళ్లీ జీతం.

నేను చదివింది పన్నెండో తరగతి.
తోలింది పంతొమ్మిదేళ్లు, ఆ క్యాంపస్ చుట్టూనే.
నాకు తెలిసిందల్లా
అద్దంలో వెనక సీట్లు కనిపించేంత.

రాత్రి ఒంటిగంట ట్రిప్పుకి ఎక్కుతారు వాళ్లు.
ఒకడు కంకర సంచిని ఒళ్లో పెట్టుకుని
పసిపిల్లని పట్టుకున్నట్టు నిద్రపోతాడు.
ఇద్దరు కుర్రాళ్లు విమానం రెక్క మోసుకొచ్చి
దీనికీ టికెట్టు కొట్టాలా అనడిగారు.
కొట్టలేదు.
రెక్క కింద ఇరుక్కున్న నర్సు మాత్రం
ఆస్పత్రి స్టాపు దాకా వంగే ఉంది, పాపం.

ఒక జనవరిలో,
సరస్సు మీద ట్రక్కులు నడిచేంత గడ్డకట్టిన వారం,
వాసా నుంచి వచ్చిన హ్మాంగ్ పిల్ల, పానియా షియాంగ్,
నా సీటు వెనకే నిలబడి అంది:
"మంచులో బ్రేకు తొక్కినప్పుడు
బస్సు జారుతోందని మీకు ముందు మడమకి తెలుస్తుందా, నడుముకా?"
అన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు,
డిపో మేనేజరుతో సహా.
నడుముకే, అన్నాను.
రాసుకుంది.
మర్నాటికి బస్సు కింద అగ్గిపెట్టెంత పరికరం.
మార్చి దాకా నేను తొక్కిన ప్రతి బ్రేకూ
ఎక్కడో ఒక గీతగా పడింది.
థీసిస్ చివర కృతజ్ఞతల్లో
ముందు ప్రొఫెసరు, తర్వాత వాళ్లమ్మ, తర్వాత నేను.
దుట్‌కెవిచ్‌లో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఫర్లేదు.

ఏప్రిల్‌లో కాంక్రీటు దూలం విరగ్గొడతారు.
ఎవరైనా వచ్చి చూడొచ్చు. సెలవు పెట్టి వెళ్లాను.
ప్రొఫెసర్ అఫ్రియే సుద్దముక్కతో గోడ మీద రాశాడు,
ఎనభై రెండు టన్నుల దాకా ఆగుతుందని.
అరవై ఏడుకే
వెంట్రుకంత గీత.
ఆపైన, గడ్డకట్టిన సరస్సు నెర్రె విచ్చినట్టు చప్పుడు.
దుమ్ము.
అయ్యో, అందరి ముందూ పరువు పోయిందే అనుకున్నాను.
ఆ మనిషి పెళ్లి పిలుపు అందుకున్నవాడిలా నవ్వుతూ
"హమ్మయ్య, మనకి తెలియనిదేదో ఉందని తెలిసింది" అన్నాడు.
పిల్లలంతా విరిగిన చోటికి ఉరికారు,
పగుల్లో వేళ్లు పెట్టి చూడ్డానికి.

నేను తప్పు తోలితే లైసెన్సు పోతుంది, ట్రూడీ.
మీ నాన్న వెల్డింగు తప్పితే ఎవరి కాలో పోతుంది.
తప్పడానికంటూ ఒక గది కట్టి,
దానికి కరెంటూ క్రేనూ పెట్టిన చోటు
నాకు ఇదొక్కటే కనిపించింది.
ఆ గది ఊరుమ్మడి సొత్తు.
పదిహేను రోజులకోసారి నా జీతంలోంచి చిల్లర కోస్తారే,
ఆ లెక్కన దూలంలో గుప్పెడు ఇసుక నాది.

చెడూ చెప్పాలి.
మొదటేడు నాలుగొందల మందిలో
నీ పేరు ఎవరికీ తెలీదు.
అత్తెసరు మార్కులు తెచ్చుకుని
నా బస్సులో కిటికీకి తల ఆనించి ఏడ్చినవాళ్లున్నారు.
వాళ్లని చివరి స్టాపులో దించను,
ఇంకో చుట్టు తిప్పుతాను.
లక్కపిడతలాంటి ఆ ప్రైవేటు కాలేజీలో
పేరు పెట్టి పిలుస్తారు, నిజమే.
అంత దూలం మాత్రం దాని గుమ్మంలో పట్టదు.

నీ ఏడో ఏట
మా ఇంట్లో టోస్టరు విప్పి మళ్లీ బిగించావు.
ఒక స్క్రూ మిగిలిపోయింది.
అది ఎక్కడిదో తేలక నాలుగు రోజులు
నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.
ఆ స్క్రూ ఇంకా నా చిల్లర డబ్బాలోనే ఉంది.
టోస్టరు ఇవాళ కూడా రొట్టె కాల్చింది.

ఎలా కాల్చిందో
నాకు వచ్చి చెప్పు.