చెవికోత

ట్రోమ్సోలో డిసెంబరు. మధ్యాహ్నం మూడింటికే
కిటికీ నిండా రాత్రి.
ఇస్సాత్ బూట్ల మంచు దులుపుకొని
పాల ఫ్లాస్కు నా బల్లమీద పెట్టాడు.
పాలు కావు.
మంచుముక్కల మధ్య రెండు రెయిండీర్ కళ్ళు,
పొద్దున కోసినవి,
ఇంకా ఎటో చూస్తున్నాయి.

"వీటిలో ఏం వెతుకుతావు?"
"చక్కెర."
నవ్వాడు. "నెత్తుట్లో ఉప్పుంటుంది, ఎముకలో మూలుగుంటుంది.
కంట్లో చక్కెరేంటి, కాఫీలో చాలకా?"

నాలుకకు తగిలే తీపి కాదిది.
కణం ఒంటిమీద కొమ్మలు కొమ్మలుగా మొలిచిన నూగు.
దాన్ని పట్టడం తెలిసింది
వేరుశెనగ గింజలో ఒక ప్రొటీనుకి,
ఈ నేల ఏనాడూ మొలిపించని గింజ.
దానికి పచ్చగా వెలిగే రంగు కట్టి
పోయినసారి నువ్వు తెచ్చిన కంటి పొరమీద వదిలాను.
ఒక రాత్రంతా. చల్లగా.
తర్వాత మూడు కడుగుళ్ళు:
ఊరికే వాలినవి పోవాలి,
పట్టుకున్నవే మిగలాలి.

దీపమార్పి అతన్ని కూర్చోబెట్టాను.
కాసేపు ఊపిరి మాత్రమే.
"కొండవాలున చెదిరిన మంద"
అన్నాడు చివరికి.
"ఆ పచ్చనివి పగటి కణాలు."
"పగలు" అన్నాడు, నెల్నాళ్ళుగా సూర్యుణ్ణి చూడని మనిషి.
"మరి మధ్యలో నల్లగా ఉన్నవి?"
"చీకట్లో చూసేవి. వాటిమీద ఈ గుర్తు లేదు."

తన చెవి కొస మడిచి చూపించాడు.
"మేమూ జంతువును చూడం, చెవి చూస్తాం.
కొసన ఒక కోత, వెనక రెండు గాట్లు:
మా అమ్మమ్మది.
ఒక్క గాటు తక్కువైతే పక్కవాళ్ళది."
పదకొండేళ్ళుగా చేస్తున్న పనికి
అప్పుడు పేరు విన్నాను.

"సరే, నీ గింజ అబద్ధమాడితే?
ఎవరి దూడనో నాదంటే?"

రెండో పలక పెట్టాను.
అదే కన్ను, అదే ప్రొటీను.
ముందే దానికి గాలక్టోసు
కడుపునిండా పెట్టాను, అంతే.
పిడికిలి నిండినవాడు ఇంకేం పట్టుకుంటాడు?

చాలాసేపు చూశాడు.
"ఏమీ లేదు."
"అదే సాక్ష్యం."
తల ఎత్తలేదు. ఆ ఏమీలేనితనంలో
ఇంకా ఏదో లెక్కపెడుతున్నాడు.

వెళ్తూ అన్నాడు:
"ఫ్లాస్కు బాగా కడిగివ్వు.
పోయినసారి కాఫీ
కన్నువాసన వేసింది."