గుడ్ల లెక్క

పస్రా చౌరస్తాల నా షెడ్డు ముందుకు
ఒక్కనాడే మూడు బండ్లు వొచ్చినయ్.
మూడింటి నడుములు మూడు తీర్లు.

పూనెం జోగయ్యది పాత బండి.
ఎనుక చక్రానికి అటొక షాకబ్జరు, ఇటొకటి,
కావడి లెక్క.
ఎడమది రెండేండ్ల సంది నూనె కారుతాంది,
దాని మోత గూడ కుడిదే మోస్తాంది.
మా ఇంట్ల గూడ గంతేనని నవ్విండు.

బీట్ ఆఫీసర్ స్రవంతి మేడం బండికి
సీటు కింద ఒక్కటే స్ప్రింగు,
దాని కాళ్లకాడ ఇనుప కీళ్లు, లింకేజీ.
చిన్న గుంతకు మెత్తగ వొంగుతది,
లోతుకు పోయినకొద్ది బిగుసుకుంటది,
బేరమాడినకొద్ది బిగిసే ఇప్పపువ్వు ముసలమ్మ తీరు.
కని ఆ కీళ్లు ఇంజను కంటె కిందికి ఏలాడతయ్,
రాయి తగిలితే మొదటి దెబ్బ వాటికే.

మూడోది హన్మకొండ పిలగాడు నిశాంత్ ది.
కీళ్లు లెవ్వు. షాకబ్జరు ఓరగ నిలబడి
నేరుగ స్వింగ్ ఆర్మ్ నే పట్టుకున్నది.
కింద ఏం ఏలాడది, గ్రీజు అడగది,
బిగుసుడు విద్యంత గొట్టం లోపట్నే దాసుకున్నది.

ఏది మంచిదని పంచాయితి.
నిశాంత్ ఫోన్ల గ్రాఫు సూపెట్టిండు.
గీతల సంగతి నాకు తెల్వది.
జోగయ్య అంగన్‌వాడికి తీస్కపోయే గుడ్లున్నయ్,
బండికొక ట్రే, ట్రేకు ముప్పై,
సైకిల్ ట్యూబు ముక్కలతోని
మూడింటికి ఒక్కటే బిగువుల కట్టిన.

తాడ్వాయి దాటి, డాంబరు ఇడిసి,
తొమ్మిది కిలోమీటర్లు.
నేను ఎనుక మోపెడ్ మీద, చెవులు నిక్కబెట్టి.

బండ్ల బాట గాడిల పడ్డప్పుడు
నిశాంత్ బండి ఎగిరింది, దిగింది, సప్పుడే లేదు.
గులకరాళ్ల మీద మాత్రం
వొణికిన పండ్ల లెక్క టకటకటక.
మేడం బండి రాళ్లను మింగుకుంట పోయింది,
మద్ది ఏరు కాడ ఖణేల్మన్నది,
చక్రం గాలిల తిరుగుతాంది, బండి కీళ్ల మీద కూసున్నది.
జోగయ్య బండి మొత్తం తొవ్వ కిర్రుకిర్రుమని ఏడ్సింది.

గుంపుల ముత్తమ్మ ఆయా లెక్కబెట్టింది.
నిశాంత్ ట్రేల పదకొండు పలిగినయ్.
మేడం ట్రేల నాలుగు.
జోగయ్య ట్రేల రెండు.

నిశాంత్ వంగి ఆ పాత బండి కిందికి సూసిండు,
మళ్ల సూసిండు.
నేను సూసింది వేరే.
గుంత రాకముందే జోగయ్య లేసి నిలబడ్డడు,
వాగుల దిగి నెట్టిండు,
టైర్ల గాలి పొద్దుగాల్నే తగ్గిచ్చి పెట్టుకున్నడు.
పద్నాలుగేండ్లు గదే తొవ్వ.
“పోయిన వారం ఒక్కటే పలిగె” అని
అటుదిక్కు తిరిగి గొణిగిండు.

పలిగిన పదిహేడింటిని ముత్తమ్మ
ఉల్లిగడ్డ కోసి పెనం మీద పోసింది.
పిల్లలు తిన్నరు, మేమూ తిన్నం.
ఏ గుడ్డు ఏ బండిదో ఎవలు అడగలే.

రాత్రి షెడ్డుల మేడం బండి లింకేజీ ఇప్పిన.
ఒంకరబోయిన బోల్టు, తుప్పు మట్టి,
సూదులసొంటి బేరింగులు ఒక్కొక్కటి కడిగి
గ్రీజుల కూసోబెట్టిన.
లేవబోతే నా కుడి మోకాలు టక్కుమన్నది.
ముప్పై ఏండ్లు గొంతుక్కూసున్న కీలు,
దీనికి స్పేరు వరంగల్ల గూడ దొర్కది.

జోగయ్య పోతపోత ధర అడిగిండు,
జత రెండువేల ఎనిమిది వందలన్న.
కొంచెంసేపు బండి దిక్కు సూసిండు.
“కుడిది ఇంకొన్నొద్దులు మోస్తది తియ్” అన్నడు,
కిక్కు కొట్టిండు.