పది అడుగుల టేపు

కల్వకుర్తి సామిల్లుల ఇరవై రెండేండ్లసంది
కట్టెల లెక్క రాస్తున్న.
చెట్టు నా దగ్గరికి పండుకొనే వస్తది.
నిలబడ్డ చెట్టుతోటి నాకు మాట్లాట లేదు.

జహంగీర్ అన్నడు: జీపుల ఒక సీటు ఖాళీ ఉంది,
శనివారం, ఐతారం నల్లమలల నడుస్తం,
నీ బీపీ దిగుతది రా.
బీపీ ముచ్చట మా అనసూయ చెప్పి ఉంటది.
సరేనన్న. సద్దిల పులిహోర, ఒక గొంగడి,
జేబుల, అలవాటు చొప్పున, టేపు.

మన్ననూరు చెక్‌పోస్టుల పేర్లు రాసిచ్చినం.
తోవ చూపనీకె వచ్చింది కాట్రాజు ఈదమ్మ,
యాభై దాటి ఉంటయి,
ఒక హవాయి చెప్పుకు పిన్నీసు,
చేతుల సీసా లేదు, నడకల తొందర లేదు.
మేం ఐదుగురం, కొత్త బూట్లు.
కంపౌండర్ శేషగిరియైతే
అడుగుకొకసారి కోడిపిల్ల లెక్క అరుస్తున్నయి.

మొదటి గంట నేను అడివి చూడలే,
సరుకు చూసిన.
అదిగో ఏగిస, దర్వాజ చౌకట్లకు.
అదిగో చిరుమాను, బండి ఇరుసుకు.
ఆ తునికి ఆకుకే గాని కట్టెకు రాదు.
కండ్లు వాటంతట అవే వంకర తీసేస్తయి, బెరడు తీసేస్తయి,
చుట్టుల నాలుగో వంతు, దాన్ని దాంతోనే గుణించు,
మళ్లా పొడుగుతోటి.
నడుసుకుంటనే ఎన్నింటిని పండవెట్టిన్నో.

పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి లోయల దిగినం.
అక్కడున్నది నల్లమద్ది.
ఎండిన చెరువును నిలబెట్టినట్టు
బెరడంత పలిగి పలిగి.

టేపు తీసిన. శేషగిరి కొస పట్టుకున్నడు.
పది అడుగులకాడ టేపు అయిపోయింది.
చెట్టు అయిపోలే.
జహంగీర్ తువ్వాల కలిపిండు, ఇంకా మిగిలింది.
అవతలోడు ఇవతలోనికి కనవడక
"ఉన్నవా?" "ఉన్న" అని
చెట్టు చుట్టూ కేకలేసుకుంటున్నం.

ఈదమ్మ బండ మీద కూసొని చూసింది.
"ఎంతున్నది?"
"తెలుస్తలేదు" అన్న.
ఇరవై రెండేండ్లల్ల ఆ మాట అనుడు మొదటిసారి.

చెట్టు పొట్టకాడ ఉబ్బిన జాగ చూపించింది.
"ఎండకాలం ఇండ్ల నీళ్లుంటయి.
మా నాయిన గాటు వెట్టి తాపిండు నాకు, చిన్నప్పుడు.
వగరుంటయి గని పానం నిలుస్తది."

నాకు ఎరుకే ఆ నీళ్లు.
రంపం దిగంగనే చిమ్మేటియి.
పట్టీకి తుప్పు పడతదని తిట్టుకునేటోళ్లం.
తడి కట్టె అని రాసి తరుగు తీసేటోణ్ణి.
ఆ తరుగుల ఎవరి దూప ఉండెనో
రిజిస్టర్ల దానికి గడి లేదు.

శేషగిరి కత్తి తీసిండు,
ఒక్క గాటు, వీడియో కోసం.
ఈదమ్మ లేవలే, గొంతు గూడ లేపలే.
"మీకాడ సీసలున్నయి గద బిడ్డా.
దూపైనోళ్లకు ఉండనీ."
కత్తి మడిచిన చప్పుడు లోయంత వినవడ్డది.

రాత్రి మన్ననూరుల రేకుల గది.
జహంగీర్ గురక అచ్చం మా మిల్లే.
గొంగడి కప్పుకొని శానసేపు మేలుకున్న.
ఏందో ఆలోచించిన అనుకునేరు,
ఏం లేదు, పిక్కలు పట్టుకున్నయి.

ఐతారం వేరే దిక్కు పోయినం.
తపసి చెట్లు తెల్లగ,
తానం చేసొచ్చి బట్టలు మరిచిన మనుషుల లెక్క.
టేపు గదిలనే ఉన్నది.
మరిచిన్నో, పెట్టిపోయిన్నో నాకే తెల్వదు.
ఖాళీ చేతులతోటి ఏం చెయ్యాల్నో తోచక
ఒకదాని మీద ఆనిచ్చిన.
పొద్దు దిక్కు వెచ్చగ, నీడ దిక్కు సల్లగ.
పండుకున్న చెట్టుకు ఇట్ల రెండు దిక్కులు ఉండయి.

సోమారం మిల్లు తెరిచినం.
సేటు చాయ తాగుకుంట అడిగిండు,
"పెద్దపెద్దయి చూసొచ్చినవట గద,
ఒక్కోటి ఎన్ని ఘనపుటడుగులు వస్తదంటవ్?"
పది అడుగులు, మీద తువ్వాల, మీద రెండు జానలు.
గుణించుడు నాకు రెప్పపాటు పని.
"టేపు సరిపోలే సేటు" అన్న.

బయట లారీ హారన్ కొట్టింది.
చెవుల పెన్ను వెట్టుకొని పోయిన.